చివరి పుస్తకం వచ్చేదాకా ఆగి, అన్నీ ఒకేసారి చదవడం మేలా?

ప్రశ్న అడిగినవారు ఇలా రాశారు: "నాకు ప్రాణమైన ఫాంటసీ సిరీస్‌లో ఆఖరి పుస్తకం ఇంకా రావాలి. ఈ టెన్షన్ నా వల్ల కావడం లేదు. వచ్చేదాకా సిరీస్ మొత్తం పక్కన పెట్టేసి, వచ్చాక మొదటి నుంచి కలిపి చదువుకుంటే మంచిదేమో. ఏమంటారు?"

వద్దండి, పక్కన పెట్టకండి. పాతవి ఈరోజే మళ్ళీ మొదలుపెట్టండి. ఇంట్లో చదివేవాళ్ళు ఇంకొకరుంటే వాళ్ళతో కలిసి చదవండి. ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే 2007లో మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మాది విజయవాడ వన్‌టౌన్, అమ్మవారి కొండకు దగ్గర్లో. హ్యారీ పోటర్ మొదటి మూడు పుస్తకాలూ నేనూ తమ్ముడూ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో బేరమాడి కొన్నాం. రెండోదానికి అట్ట లేదు. నాలుగోది జనవరిలో స్వరాజ్ మైదానంలో పుస్తకాల పండగ పెట్టినప్పుడు కొన్నాం. ఐదోది మా మేనమామ హైదరాబాద్ నుంచి తెచ్చాడు. ఆరోది 2005 జూలై 16న వచ్చింది. ఏడోది, అంటే ఆఖరిది, 2007 జూలై 21న. మధ్యలో రెండేళ్ళ ఐదు రోజులు. నా జీవితంలో నేను బాగా చదివిన రోజులు అవే.

ఆరో పుస్తకం చివర హ్యారీ బడిలో మాస్టారైన స్నేప్ చేసిన పని చదివినవాళ్ళకు తెలుసు. చదవనివాళ్ళకు నేను చెప్పను. అది నిజంగా ద్రోహమా, లేక లోపల ఇంకేదైనా ఉందా అని మా ఇంట్లో రెండేళ్ళు వాదన నడిచింది. ఆయన మంచివాడని నేను. కాదని తమ్ముడు. అన్నం దగ్గర కూడా అదే గొడవ. నాన్న విసుక్కుని, "ఎవర్రా ఈ స్నేపు, మన వీధిలోవాడేనా?" అని అడిగారొకసారి.

దాంతోపాటు ఇంకో చిక్కుముడి. ఆరోదాని చివర్లో ఒక నకిలీ లాకెట్‌లో చీటీ దొరుకుతుంది. కింద సంతకం ఆర్.ఎ.బి. అని మూడక్షరాలు మాత్రమే. ఎవరో చెప్పకుండా పుస్తకం అయిపోయింది. 2006 ఎండాకాలం, కరెంటు పోయి మేడమీద పడుకున్నాం. తమ్ముడు టార్చిలైటు పెట్టుకుని ఐదో పుస్తకం రెండోసారి చదువుతున్నాడు. ఉన్నట్టుండి నన్ను తట్టి లేపాడు. "అక్కా, ఇది చూడవే. సిరియస్ వాళ్ళ పాత ఇల్లు దులుపుతున్నారు కదా, ఆ సామాన్లలో ఒక బరువైన లాకెట్ ఉంది. ఎవరూ తెరవలేకపోయారంట." ఒక్క వాక్యం. మొదటిసారి చదివినప్పుడు ఇద్దరికీ కంటికే ఆనలేదు. ఆ రాత్రి ఆ వాక్యాన్ని పట్టుకుని తెల్లవారేదాకా మాట్లాడుకున్నాం. వాడి ఊహ నిజమైందా లేదా అన్నది చెప్పను, మీరే చదువుకోండి. కానీ ఒకటి ఆలోచించండి. ఏడు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్ళు ఆ లాకెట్ దగ్గర ఆగుతారా? ఆగరు. జవాబు పక్క పుస్తకంలో ఉన్నప్పుడు ఎవరు వెతుకుతారు? పూర్తయ్యాకే మొదలుపెడతామనేవాళ్ళు కథంతా చదువుతారు గానీ, సగం పుస్తకం పోగొట్టుకుంటారు. ఇది నా గట్టి నమ్మకం.

"రచయిత పూర్తి చేయకపోతే?" అని చాలామంది అడుగుతారు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథ రాసిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ సిరీస్‌లో ఐదో పుస్తకం 2011 జూలైలో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. నిజమే. కానీ రాబర్ట్ జోర్డాన్ సంగతి కూడా చూడండి. ఆయన తన 'వీల్ ఆఫ్ టైమ్' ఫాంటసీ సిరీస్ ముగించకుండానే 2007లో పోయారు. పోతూ పోతూ చివర ఏం జరగాలో రాసి, చెప్పి వెళ్ళారు. బ్రాండన్ శాండర్సన్ అనే ఇంకో రచయిత వాటిని పట్టుకుని మూడు పుస్తకాలు రాసి, 2013 జనవరికి ముగించారు. పాఠకులు అన్నేళ్ళు ఎదురుచూస్తూ ఉండబట్టే అది పూర్తయింది. అందరూ "అయ్యాక చదువుతాంలే" అని కూర్చుంటే రెండో పుస్తకం కూడా ఎవరూ అచ్చువేయరు.

సరే, 2007 జూలైకి వస్తాను. అప్పటికి నేను ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఊరి శివార్లలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ. పొద్దున్న ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు మళ్ళీ స్టడీ అవర్ ముగింపు. వారాంతం పరీక్షలు. కథల పుస్తకం దొరికితే వార్డెన్ లాక్కుని, ఇంటికి ఫోన్ చేసేవాడు. నా పక్క మంచం అమ్మాయి దగ్గర ఒక తెలుగు నవల దొరికితే అందరి ముందూ నిలబెట్టి తిట్టాడు. ఆ అమ్మాయి వారం రోజులు సరిగా అన్నం తినలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తోంది. పదహారేళ్ళ పిల్ల నవల చదివితే ర్యాంకు పోతుందని ఎవరు చెప్పారు వీళ్ళకు? మా సెక్షన్లో నవలలు చదివే నలుగురం ఎంసెట్‌లో బాగానే గట్టెక్కాం. ఒక విషయం కోసం నెలల తరబడి ఓపిక పట్టగలిగినవాళ్ళు చదువులోనూ చివరిదాకా నిలబడతారు. నేను చూసినంతలో దీనికి తిరుగులేదు.

పుస్తకం లండన్‌లో అర్ధరాత్రి దాటగానే విడుదల. మనకు అప్పుడు తెల్లవారి నాలుగున్నర. ఆ శనివారం నాలుగున్నరకే నాకు మెలకువ వచ్చింది. స్టడీ అవర్‌కు ఇంకా అరగంట ఉంది. పుస్తకం లోకంలోకి వచ్చేసింది, నేనేమో మంచం మీద కెమిస్ట్రీ నోట్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది. అదే రోజు పొద్దున్న తమ్ముడు నాన్నతో కలిసి ఏలూరు రోడ్డుకు వెళ్ళి, ముందే డబ్బు కట్టి ఉంచిన పుస్తకం తెచ్చుకున్నాడు. వెయ్యికి కొంచెం తక్కువ. ఇద్దరి పండగ డబ్బులూ కలిపితే ఒక్క పుస్తకానికే సరిపోయింది.

మరునాడు ఆదివారం, ఇంటివాళ్ళు వచ్చి చూసే రోజు. అమ్మ క్యారియర్, నాన్న పండ్ల సంచి, వెనక తమ్ముడు. వాడి చేతిలో బ్రౌన్ పేపర్ అట్ట వేసిన లావుపాటి పుస్తకం, పైన లేబుల్ మీద ఫిజిక్స్ అని రాసి ఉంది. మా ఐఐటీ ఫిజిక్స్ పుస్తకాలు కూడా అంతే లావు ఉంటాయి కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. వేపచెట్టు కింద చాప వేసుకున్నాం. నేను అడిగిన మొదటి మాట, "ఎంతవరకు చదివావు?"

"మొదలుపెట్టలేదక్కా," అన్నాడు.

అప్పుడు వాడు తొమ్మిదో తరగతి. పుస్తకం ఒక పగలూ ఒక రాత్రీ వాడి దగ్గరే ఉంది. రెండేళ్ళుగా వాడూ నాలాగే ఎదురుచూశాడు. నేను లేకుండా చదవడం ఇష్టం లేక అట్ట వేసుకుని కూర్చున్నాడు.

ఆ రోజు ఒకే పుస్తకంలో రెండు తలలు పెట్టి ఐదు అధ్యాయాలు చదివాం. వాడు నాకంటే నెమ్మది. పేజీ కింద వేలు పెట్టి, వాడు ఊఁ అన్నాకే తిప్పాను. సాయంత్రం గంట కొట్టారు. పుస్తకం నా దగ్గర ఉంచుకునే వీల్లేదు. వాడి దగ్గర ఉంటే రెండు వారాలు ముట్టుకోకుండా ఉండగలనో లేదో అని వాడికే భయం. అందుకని ఇంటికి వెళ్ళగానే నాయనమ్మ చేతిలో పెట్టి, "అక్క దగ్గరికి వెళ్ళే ఆదివారం దాకా నేను అడిగినా ఇవ్వకు," అన్నాడట.

నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ విషయం మా ఇంట్లో అందరికంటే ఆవిడకే ముందు అర్థమైంది. ఆవిడది చందమామ సీరియళ్ళ కాలం. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం అన్నీ నెలనెలా చదివిన మనిషి. వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని ఆవిడకు చాలా ఏళ్ళు తెలియదు, సీరియల్ మీద రచయిత పేరు వేసేవారు కాదు. చిత్రా గారి బొమ్మల్లో రాక్షసుడు కత్తి ఎత్తి ఉండగా కింద "ఇంకా ఉంది" అని ఉంటుంది. ఇక నెల రోజులు ఆ కత్తి అలాగే గాల్లో ఉండాలి. తెనాలిలో వాళ్ళ ఇంట్లో ఆరుగురు పిల్లలకు ఒకటే చందమామ. గట్టిగా చదివేవాళ్ళు ఒకరు, చుట్టూ కూర్చునేవాళ్ళు మిగతావాళ్ళు. "నెలకొకసారి మేం ఆగలేదటరా," అని పుస్తకాన్ని తన పట్టుచీరల బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. మా ఆఖరి పుస్తకం కూడా అలా సీరియల్ అయిపోయింది.

నెలకు రెండు ఆదివారాలు. మధ్య రోజుల్లో నా పని చెవులు మూసుకోవడం. విడుదలకు ముందే ఎవడో పేజీలన్నీ ఫోటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టాడు. తమ్ముడు ఆ మూడు నెలలూ నెట్ సెంటర్ గడప తొక్కలేదు. హాస్టల్లో ఒకమ్మాయి ఔటింగ్ నుంచి వచ్చి, "ఎవరు చచ్చిపోయారో చెప్పనా?" అంది. నేను మెస్‌లో కంచం వదిలేసి బయటికి పరుగెత్తాను. ఇలా ముగింపులు చెప్పేవాళ్ళకు ఏం దొరుకుతుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. సినిమా మొదటి ఆట క్లైమాక్స్ ఫోన్లో తీసి స్టేటస్ పెట్టేవాళ్ళు కూడా అంతే. రెండేళ్ళు దాచుకున్నదాన్ని రెండు సెకన్లలో లాగేసుకుంటారు. అది దొంగతనమే.

దసరాకు సెలవులిచ్చే నాటికి పది అధ్యాయాలు మిగిలాయి. దసరాలో మా వీధి ఎలా ఉంటుందో విజయవాడ వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎర్రబట్టల భవానీలు, క్యూలైన్లు, తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పే మైకు. ఇంటినిండా చుట్టాలు. మేమిద్దరం మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన చేరి చదివాం. తొందరపడితే ఒక్క పూటలో అయిపోయేది. రోజుకు మూడే అని తమ్ముడు పట్టుబట్టాడు. "అయిపోతే తర్వాత ఏం చేస్తాం అక్కా?" అన్నాడు. అందుకు నా దగ్గర జవాబు లేదు.

ఆఖరి అధ్యాయం విజయదశమి రోజు, అక్టోబర్ 21. విడుదలైన సరిగ్గా మూడు నెలలకు. అందరూ కృష్ణలో హంసవాహనం తెప్పోత్సవం చూడటానికి ఘాటుకు వెళ్ళారు. మేం వెళ్ళలేదు. బాణాసంచా వెలుగు మేడమీదికి వస్తూ పోతూ ఉంది. చివరి పేజీ అయ్యాక చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. స్నేప్ విషయంలో ఎవరు గెలిచారో కూడా ఆ రాత్రి ఎత్తలేదు. కిందికి వచ్చాక నాయనమ్మ అడిగింది, "కింద ఇంకా ఉంది అని లేదూ?" లేదన్నాం. ఆవిడ మా మొహాలు చూసి ఇంకేం అడగకుండా చేగోడీలు పెట్టింది.

తమ్ముడిప్పుడు పుణెలో ఉద్యోగం. మార్టిన్ ఆరో పుస్తకం కోసం ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నవాళ్ళలో వాడొకడు. నేను ఆ సిరీస్ ముట్టుకోలేదు, పిల్లలూ ఉద్యోగంతో తీరలేదు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఐదూ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు. నేనిప్పుడు మూడోదాని మధ్యలో ఉన్నాను. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, ఎవరి మీద ఎందుకు అనుమానమో చెబుతాను. వాడికి ఐదోదాకా అన్నీ తెలుసు, అయినా ఊఁ తప్ప ఇంకేమీ అనడు.