బలికి కార్డులున్నాయి, బలి పశువులే లేవు!

ప్రశ్న: మ్యాజిక్: ద గ్యాదరింగ్ కార్డుల ఆటలో పయనీర్ ఫార్మాట్‌కి (ఏ కార్డులు వాడొచ్చో చెప్పే ఒక ఆట పద్ధతి) నలుపు-ఎరుపు శాక్రిఫైస్ డెక్ (సొంత కార్డులను బలిచ్చి లాభం పొందేది) కట్టాను. బలిచ్చే కార్డులు 18 పెట్టాను. చివరికి అవే చేతిలో మిగిలిపోతున్నాయి. తప్పెక్కడ?

జవాబు: ఆ 18లోనే. బలి తీసుకునేవి 8 చాలు: విచెస్ ఓవెన్ 4, డెడ్లీ డిస్ప్యూట్ 4. మిగతా చోటు బలయ్యేవాటికీ, బలి వల్ల లాభం తెచ్చేవాటికీ ఇవ్వండి. కాల్డ్రన్ ఫెమిలియర్ (పిల్లి) 4, మేహెమ్ డెవిల్ 4, బ్లడ్‌టైత్ హార్వెస్టర్ 4, క్లెయిమ్ ద ఫస్ట్‌బార్న్ 4, ల్యాండ్లు (కార్డులు ఆడేందుకు మానా అనే శక్తినిచ్చేవి) 24. 60 కార్డుల డెక్‌లో అక్కడికి 48 అయ్యాయి. మిగిలిన 12 మీ ఇష్టం, కానీ ఎదుటి క్రీచర్లను (పోరాడే జీవుల కార్డులను) చంపేవైతే మేలు.

ఈ డెక్ ప్రాణమంతా పిల్లిలోనే ఉంది. దానితో ఎదుటివారి దాడిని బ్లాక్ చేసి (అడ్డుకుని), డ్యామేజ్ పడకముందే ఓవెన్‌కి బలివ్వండి. ట్రాంపుల్ (అడ్డుకున్నా మిగిలిన డ్యామేజ్ ఆటగాడికి చేరే గుణం) లేని దాడి అక్కడే ఆగిపోతుంది. ఓవెన్ ఇచ్చిన ఫుడ్‌ను బలిస్తే పిల్లి తిరిగొచ్చి ఎదుటివారి లైఫ్ 1 తగ్గించి మీకు 1 కలుపుతుంది. డెవిల్ కూడా ఉంటే పిల్లిని బలిచ్చినందుకు 1, ఫుడ్‌ను బలిచ్చినందుకు 1 డ్యామేజ్ అదనం. ఎదుటివారు తమ ట్రెజర్ (మానా ఇచ్చే టోకెన్) బలిచ్చినా డెవిల్ ఊరుకోదు!

డెడ్లీ డిస్ప్యూట్‌తో జాగ్రత్త. బలి దాని ఖర్చులో భాగం కాబట్టి, స్పెల్‌ను ఎదుటివారు కౌంటర్ చేస్తే (రద్దు చేస్తే) రెండూ పోతాయి. ఎలాగూ చావబోయే క్రీచర్‌నే, లేదా క్లెయిమ్‌తో లాక్కున్నదాన్నే ఇవ్వండి. రెస్ట్ ఇన్ పీస్ (చనిపోయిన కార్డులను ఆట నుంచే తొలగించే కార్డు) పడితే పిల్లి తిరిగి రాదు. రెండో గేమ్‌లో పిల్లులు తగ్గించి హార్వెస్టర్‌తో దాడికి దిగండి.