బొర్రా గుహల్లో శివదర్శనానికి వెళ్తున్న మా అమ్మాయికి

చి॥ల॥సౌ॥ అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ కార్తీకంలో మీ అత్తగారినీ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బొర్రా గుహల్లో శివుణ్ణి చూసి రావాలనుకుంటున్నారని, ఎలా వెళ్లాలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలో నన్ను అడగమన్నావని మీ నాన్న చెప్పాడు. ఫోనులో చెబితే సగం మాటలు గాలికి పోతాయి కనుక తీరిగ్గా రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లల్ని ఆ గుహకు తీసుకెళ్లిన అనుభవంతో చెబుతున్న మాటలివి.

మొదట రోజు సంగతి. కార్తీక సోమవారం నాడే వెళ్లాలన్న మీ అత్తగారి కోరిక న్యాయమైనదే కానీ, ఆ మాసంలో సోమ, ఆదివారాల్లో వనభోజనాలకు వచ్చేవాళ్లూ అరకు చూడటానికి వచ్చేవాళ్లూ కలిసి గుహలో ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ నడవవలసి వస్తుంది. సోమవారం తెల్లవారుజామున మీ వీధి శివాలయంలో ఆవిడ చేత దీపం పెట్టించి, అదే వారంలో బుధవారమో గురువారమో కొండకు తీసుకెళ్లు. మహాశివరాత్రికి చుట్టుపక్కల గిరిజన గ్రామాల వాళ్లు పెద్ద సంఖ్యలో తరలివస్తారు. అది చూడదగ్గ వేడుకే, కాకపోతే మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో వెళ్లే రోజు కాదు. ఇంకో మాట, కార్తీకం మన తీరంలో తుపానుల కాలం కూడా. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని తెలిస్తే ప్రయాణం వాయిదా వెయ్యండి, ఎందుకంటే ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడవచ్చు, గుహ లోపలి మెట్లు కూడా నాచు పట్టినట్టు జారతాయి.

విశాఖ నుంచి బొర్రా సుమారు 90 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు రైల్లోనే వెళ్లమంటాను. కిరండూల్ వెళ్లే పాసింజరు ఉదయం ఏడు గంటలకు ముందే విశాఖలో బయలుదేరి, కొత్తవలస, శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం మొదలుపెట్టి, సొరంగం తర్వాత సొరంగం దాటుకుంటూ పది గంటల ప్రాంతంలో బొర్రా గుహలు స్టేషనుకు చేరుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికని 1960ల్లో వేసిన మార్గం ఇది. దీని పట్టాలు గుహ ఉన్న కొండ మీదుగానే పోతాయని పిల్లలకు చెప్పు, గుహలో ఉన్నంతసేపూ వాళ్లు తల ఎత్తి చూస్తూనే ఉంటారు. తిరుగు ప్రయాణానికి మాత్రం కారు మాట్లాడుకోండి. ఖనిజం బళ్ల కోసం పాసింజరును ఆపేస్తుంటారు కనుక, అలసిన పెద్దావిడతో రాత్రి దాకా ప్లాట్‌ఫారం మీద కూర్చోవడం మంచిది కాదు. అనంతగిరి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు నీ చిన్నదానికి తప్పకుండా వాంతులు అవుతాయి, నిమ్మకాయ చేతిలో పెట్టు.

గుహ ఉదయం పదింటికి తెరుస్తారు, సాయంత్రం అయిదుతో సరి. తెరిచిన గంటలోపల లోపలికి వెళ్లగలిగితే అదే అన్నిటికంటే మంచి వేళ. ద్వారం చాలా విశాలంగా ఉంటుంది కాబట్టి మొదట గుహలోకి వెళ్తున్నట్టే అనిపించదు. నాలుగు మెట్లు దిగగానే వెలుతురు పల్చబడి, గాలి చెమ్మగా మారి, ఎండలో నుంచి వచ్చిన కళ్లకు అడుగు ఆనదు. అక్కడే ఒక పక్కకు తప్పుకుని అయిదు నిమిషాలు నిలబడండి. పిల్లల్ని తీసుకెళ్లిన ప్రతిసారీ నేను పెట్టిన మొదటి నియమం ఇదే, ఇన్నేళ్లలో ఒక్క పిల్లవాడు కూడా జారి పడలేదు. లోపల 80 మీటర్ల లోతు వరకూ ఉంటుందంటారు, అంత దూరం పోనక్కరలేదు. మనవాళ్లు గుర్తుంచుకోవలసింది దిగడం సులువనీ, ఎక్కి రావడమే కష్టమనీ. మీ అత్తగారు ఎంత ఉత్సాహంగా దిగుతున్నా సరే, అదే దారి వెనక్కి ఎక్కాలని లెక్క చూసుకుని ఆవిణ్ణి ఆపవలసిన బాధ్యత నీది. స్వామి దగ్గరకు నిటారుగా ఉండే మెట్లు ఎక్కాలి; ఆవిడ వల్ల కాదనిపిస్తే కిందనే కూర్చోబెట్టి నమస్కారం చేయించు. రబ్బరు స్లిప్పర్లు వద్దు, అడుగు గరుకుగా ఉన్న బూట్లో చెప్పులో వేసుకుని, స్వామి ముందు మాత్రమే విడవండి. ఆయాసం ఉన్నవాళ్లకు ఆ చెమ్మగాలిలో ఊపిరి బరువనిపించవచ్చు, మందు చేతి సంచిలో ఉండాలి.

ఇక ముఖ్యమైన విషయానికి వస్తాను. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడును) తనలో కలుపుకుని కాస్త పుల్లబడి, సున్నపురాయిని కరిగిస్తూ పగుళ్ల గుండా కిందికి దిగుతుంది. గుహ కప్పు నుంచి బొట్టుగా వేలాడినప్పుడు ఆ వాయువు గాలిలోకి వెళ్లిపోయి, మోసుకొచ్చిన సున్నాన్ని పలచని పొరగా అక్కడే వదిలేస్తుంది. అలా పైనుంచి దిగేవి స్టాలక్టైట్లు, నేల మీద పడిన బొట్ల నుంచి పైకి లేచేవి స్టాలగ్మైట్లు. సంవత్సరానికి ఇవి పెరిగేది మిల్లీమీటరులో పదోవంతు అటూ ఇటూ. ఆ రాయి మీద చెయ్యి వేస్తే మన చర్మపు జిడ్డు దానికి అంటుకుంటుంది, ఆ తర్వాత నీరు ఆ చోట నిలవక జారిపోతుంది, సున్నం పేరుకోదు, అక్కడితో దాని ఎదుగుదల దెబ్బతింటుంది. రోజూ వందలమంది తలా ఒక్కసారి తాకితే ఏమవుతుందో చేతికందే ఎత్తులో నల్లబడిపోయిన రాళ్లే చూపిస్తాయి.

1974లో కాలేజీ స్నేహితులతో మొదటిసారి వెళ్లినప్పుడు నేను అంతకంటే పెద్ద తప్పు చేశాను. కాగడా పట్టుకున్న స్థానికుడి వెనక నడుస్తూ, ఎవరూ చూడకుండా వేలెడు పొడవున్న ఒక స్టాలక్టైటు కొనను విరిచి జేబులో వేసుకున్నాను. ఉపాధ్యాయుణ్ణి అయ్యాక ఒకరోజు పాఠం చెబుతూ దాన్ని కొలిచాను: ఏడు సెంటీమీటర్లు. ఆ ముక్క పెరగడానికి సుమారు 700 ఏళ్లు పట్టి ఉంటుంది, అంటే తూర్పు గాంగ రాజు నరసింహదేవుడు సింహాచలంలో గుడి కట్టిస్తున్న రోజుల్లో మొదలైన రాయిని నేను ఒక్క క్షణంలో తుంచేశాను. దాన్ని తిరిగి అతికించే మార్గం లేదు. ఆ బాధ ఇప్పటికీ నాలో అలాగే ఉంది, అందుకే నీ పిల్లల చేతుల గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

స్వామి కథ నీకు తెలిసే ఉంటుంది. మేస్తున్న ఆవు గుహ పైకప్పులోని కన్నం గుండా లోపలికి పడిపోతే, వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆవు క్షేమంగా కనిపించిందట, దాని దగ్గరే లింగంలాంటి రాయి కనిపించిందట. స్వామే కాపాడాడని నమ్మిన గ్రామస్థులు అక్కడ పూజలు మొదలుపెట్టారు. లింగం పైన ఉన్న రాతి రూపాన్ని కామధేనువంటారు, ఆ పొదుగు నుంచి కారే నీరే గోస్తనీ నది పుట్టుక అని నమ్మకం. గోస్తని అన్న మాటకు అర్థమే ఆవు పొదుగు. ఆ నది ఈ గుహ గుండానే సాగి, కొండ దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, చివరకు భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ నగరానికి వచ్చే తాగునీటిలో తాటిపూడి నీరు కూడా ఉంది కనుక, అక్కడ స్వామి మీద పడే బొట్టుకూ మీ వంటింటి కుళాయికీ సంబంధం ఉందని మీ అత్తగారితో చెప్పు, ఆవిడ ఎంతో సంతోషిస్తుంది.

పూజ విషయంలో మాత్రం ఆవిణ్ణి ముందే ఒప్పించి తీసుకెళ్లాలి. పూజారి ఇచ్చిన తీర్థం, విభూతి తీసుకోండి, దక్షిణ వెయ్యండి. మీ అంతట మీరు పాలు, తేనె, పంచదార తీసుకెళ్లి పొయ్యవద్దు, రాతి సందుల్లోకి దిగి కుళ్లుతాయి. కర్పూరం, అగరువత్తులు, కార్తీక దీపాలు లోపల వెలిగించవద్దు, గాలి ఆడని చోట ఆ మసి తడి సున్నం మీద పట్టి పొరల మధ్య నిలిచిపోతుంది. కొబ్బరికాయ బయటే కొట్టండి. శివుడు అభిషేకప్రియుడు కదా అని ఆవిడ అడిగితే, ఆ నీరు ఎన్ని వేల ఏళ్లుగా ఆగకుండా అభిషేకం చేస్తున్నదో, ఆ లింగం ఆ అభిషేకం నుంచే పుట్టి ఇంకా పెరుగుతున్నదో వివరించు. నేనైతే అక్కడ పది నిమిషాలు మౌనంగా కూర్చుని బొట్టు పడే చప్పుడు వింటాను; నా లెక్కలో అంతకుమించిన రుద్రాభిషేకం లేదు.

గబ్బిలాలుంటాయి, పిల్లలు భయపడనక్కరలేదు. అవి పండ్లు తిని బతికే జాతి, అడవికి విత్తనాలు చల్లేవి అవే. పగలు వాటి నిద్రవేళ కాబట్టి అరిచి ప్రతిధ్వని వినే సరదా, పైకప్పు మీద టార్చి వేసే సరదా రెండూ మానిపించు. దీపాల చుట్టూ రాయి పచ్చబడి ఉండటం చూపించు: కరెంటు వెలుతురు పడిన చోట నాచు మొలుస్తుంది, చీకటిలో ఉండవలసిన రాయికి వెలుతురు కూడా హాని చేస్తుంది.

లోపల తిప్పి చూపించడానికి ఊరి గిరిజన యువకుల్లో ఒకరిని మాట్లాడుకోండి, బేరం ఆడవద్దు. శివపార్వతులు, తల్లీబిడ్డ, ఋషి గడ్డం అంటూ వాళ్లు చూపించే రూపాలు పిల్లలకు సరదాగా ఉంటాయి. కానీ ఆ కొండ ఇంకా నిలిచి ఉండటంలో ఆ ఊళ్ల వాళ్ల పాత్ర ఎంత ఉందో పెద్దవాళ్లు తెలుసుకోవాలి. ఈ అనంతగిరి మండలంలోనే, బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇవ్వడం మీద సమత అనే సంస్థ న్యాయపోరాటం చేసింది. గిరిజనుల రక్షణ కోసం ప్రత్యేకంగా ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బయటికి వచ్చాక మీరు తినే బొంగులో చికెనో, కొనే కాఫీ పొడో ఆ మనుషుల దగ్గరే కొనండి. ద్వారం దగ్గర కోతులుంటాయి, తినుబండారాల సంచి కారులోనే వదిలెయ్యండి.

బీరువా పై అరలో నా పాత టార్చి ఉంది, కొత్త బ్యాటరీలు వేసి ఉంచాను. కరెంటు పోతే మెట్ల మీద అదే దిక్కు. బయలుదేరే ముందురోజు సాయంత్రం పిల్లల్ని తీసుకుని మా ఇంటికి రా. 1974లో నేను విరిచిన ఆ ముక్కను వాళ్ల చేతుల్లో పెడతాను, ఎంతసేపు కావాలంటే అంతసేపు తడిమి చూడనివ్వు, ముట్టుకోవాలన్న వాళ్ల ముచ్చట ఇక్కడే తీరిపోవాలి.

ఇట్లు,
మీ పెదనాన్న