లీష్మేనియాపై ఆకు సారం: మోతాదు పెంచితే ఎం.టి.టి. రీడింగ్ పెరగడానికి కారణం

ఎం.టి.టి. పరీక్షలో (బతికున్న కణాలు ఎం.టి.టి. అనే పసుపు రసాయనాన్ని ఊదారంగుగా మార్చడాన్ని కొలిచే పరీక్ష) సారం మోతాదు పెంచేకొద్దీ లీష్మేనియా అనే పరాన్నజీవి ప్రోమాస్టిగోట్లు (తోకతో కదిలే దశ) మరింత బతికి ఉన్నట్లు మీకు రీడింగ్ వస్తోందంటే, కారణం చాలావరకు పరాన్నజీవి కాదు, సారంలోని పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలే. అవి కణాల ప్రమేయం లేకుండానే ఎం.టి.టి.ని క్షయకరణం చేసి ఊదారంగు ఫార్మజాన్‌గా మార్చగలవు.

1. చాలామంది వదిలేసేది కణాలు లేని కంట్రోల్. ప్రతి మోతాదుకూ మీడియం (కణాలను పెంచే ద్రవం), సారం, ఎం.టి.టి. మాత్రమే ఉన్న వెల్స్‌ను (ప్లేటులోని చిన్న గుంటలను) అదే ప్లేటులో, అంతే సేపు ఉంచండి. సాల్వెంట్ కంట్రోల్ పెట్టాం కదా అని ఊరుకోకూడదు, అది సారాన్ని కరిగించిన డి.ఎం.ఎస్.ఓ. ద్రావకం ప్రభావాన్ని చూపుతుందే గాని, సారం రంగునూ దాని రసాయన చర్యనూ పట్టివ్వదు.

2. అక్కడా ఊదారంగు వస్తే, ఆ విలువను తీసివేయడం స్వల్ప తేడాలకే పనికొస్తుంది. రంగు గాఢంగా ఉంటే ప్లేటును సెంట్రిఫ్యూజ్ చేసి, సారం కలిసిన మీడియాన్ని తొలగించి, పరాన్నజీవులను కడిగిన తరువాతే ఎం.టి.టి. కలపండి. కడిగేటప్పుడు కణాలు పోతాయి కనుక పోల్చడానికి పెట్టిన యాంఫోటెరిసిన్ బి మందు వెల్స్‌తో సహా అన్నింటినీ ఒకేలా కడగాలి.

3. రెండు మూడు మోతాదుల వద్ద హీమోసైటోమీటరులో (మైక్రోస్కోపు కింద కణాలను లెక్కించే గళ్ల గాజు పలకలో) కదిలే పరాన్నజీవులను లెక్కించండి. ఈ లెక్కకూ రీడింగ్‌కూ పొంతన కుదరకపోతే లెక్కనే నమ్మండి.