చేను ఒక ఏడాది బీడు పెడితే సారం పెరుగుతుందా?

వరసగా పత్తి వేసి నల్లరేగడి నీరసించిందనీ, ఒక ఏడాది ఏమీ వేయకుండా వదిలేస్తే కోలుకుంటుందా అనీ అడిగారు. ఊరికే వదిలేస్తే పెద్దగా లాభం ఉండదు. ఖాళీగా ఉన్నన్నాళ్లూ నేల మీద ఏముందన్నదే ముఖ్యం.

మాది నంద్యాల వైపు. ఖరీఫ్‌లో చేను ఖాళీగా పెట్టి, కలుపు లేవకుండా గుంటక తోలుతూ, అక్టోబరులో శనగ వేయడం మా దగ్గర పాత అలవాటు. ఆ శనగ బాగానే వస్తుంది. నేలకు రెస్ట్ దొరికిందంటారు మా నాన్న. నిజానికి దొరికింది తేమ. దానికి తోడు, దున్నిన నేలలో సేంద్రియ పదార్థం త్వరగా కుళ్లి కొంత నత్రజని బయటికొస్తుంది. అంటే పైరు తినేది పాత నిల్వనే, కొత్తగా చేరేది తక్కువ. మన ఎండలకు ఆ నిల్వ ఏటా తరుగుతూనే ఉంటుంది.

పైగా ఖాళీ చేను మీద గట్టి వాన పడితే పైమట్టి పోతుంది. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడిలోనే పోల్చి చూస్తున్నారు. వానాకాలం ఖాళీగా పెట్టిన చోట ఏటా హెక్టారుకు సుమారు 6 టన్నుల మట్టి కొట్టుకుపోతే, వెడల్పాటి బోదెల మీద పంట ఉన్నచోట 2 టన్నుల లోపే పోయింది.

మరి అడవి నరికి చేసే పోడు సాగులో బీడు ఎలా పనిచేసిందంటారా? అక్కడ ఏళ్ల తరబడి చెట్టూ చేమా లేచి, ఆకు రాలేది. ఒక్క ఏడాది వయ్యారిభామ కలుపు పెరిగితే అది రాదు, విత్తనం రాలి తర్వాతి పంటకు తలనొప్పి మాత్రం మిగులుతుంది.

మేం కొంత చేనులో తొలకరికే ఎకరాకు 15 కిలోల దాకా జనుము చల్లి, పూత మొదలవగానే, అంటే సుమారు 45 రోజులకు, రోటవేటర్‌తో కలియదున్నుతున్నాం. తేడా ముందు దుక్కిలో తెలిసింది: గడ్డలు తేలిగ్గా చితుకుతున్నాయి, నీరు త్వరగా ఇంకుతోంది. ఆగస్టు దాటనివ్వకండి. సెప్టెంబరు వానలు ఖాళీ దుక్కిలో పడితేనే శనగకు తేమ మిగులుతుంది. తొలకరి ఆలస్యమైన ఏడాది మేం జనుము మానేసి, వేసవిలోనే ఎరువు కోసం గొర్రెల మంద కట్టించిన చేలతో సరిపెట్టుకుంటాం.

జనుము లాంటి పచ్చిరొట్ట విత్తనం వ్యవసాయ శాఖ సబ్సిడీ మీద ఇస్తుంది. మే నెలలోనే అడిగి పెట్టుకోండి, తర్వాత దొరకడం కష్టం.