మోచెయ్యి విరిగిందంటే సరిపోదమ్మా

అమ్మలూ,

బెంజ్ సర్కిల్ దగ్గర మెడికల్ కోడింగ్ ఆఫీసులో, అంటే డాక్టర్లు రాసినదాన్ని బిల్లు కోసం కోడ్లుగా మార్చే పనిలో చేరావనీ, వచ్చే వారం నుంచి ఆర్థో (ఎముకల) చార్టులు ఇస్తారనీ మీ అమ్మ చెప్పింది. నేను ఏళ్ల తరబడి చూసిన చార్టులవి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు మోచేతిని బల్ల మీద ఆనించు. బల్లకు గుచ్చుకునే ఆ మొన ఒలెక్రనాన్, అది ముంజేతిలో చిటికెనవేలి వైపుండే ఎముక అల్నాది. ఆ మొనకు బయటి పక్కగా, కాస్త ముంజేతి వైపు వేలు నొక్కిపెట్టి, అరచేతిని బోర్లా వెల్లకిలా తిప్పు. వేలి కింద గుండీలా కదులుతోందే, అదీ బొటనవేలి వైపుండే ఎముక రేడియస్ తల. వీటికి పైనున్న భుజం వైపు ఎముక హ్యూమరస్. ఇంట్లో మనం ఏది విరిగినా మోచెయ్యి విరిగిందంటాం, కొందరు డాక్టర్లూ అంతే రాసి ఊరుకుంటారు. కోడుకు అది చాలదు. హ్యూమరస్ కింది కొస అయితే ఎస్42, అల్నా పై కొస ఎస్52.0, రేడియస్ పై కొస ఎస్52.1. అందుకే ఎక్స్‌రే రిపోర్టు, ఆపరేషన్ నోటు చివరిదాకా చదువు.

తర్వాత చూడాల్సింది కుడా ఎడమా, ఎముక పక్కకు జరిగిందా లేదా. కుడి రేడియస్ తల జరిగితే ఎస్52.121, జరగకపోతే ఎస్52.124. ఏదీ రాయకపోతే జరిగినట్టే లెక్క. ఓపెనో (చర్మం చీలి ఎముక దాకా గాయం) క్లోజ్డో రాయకపోతే క్లోజ్డ్. కొత్తలో నేను ఒక చార్టులో, స్లింగ్ ఒక్కటే కట్టి పంపారు కదా, జరిగుండదులే అనుకుని 124 వేశాను. ఆడిట్‌లో వెనక్కొచ్చింది. డాక్టర్ రాయని మాట నేను రాశానే అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. తప్పు కోడుతో ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరిగొస్తే ఆ బిల్లు ఒక్కోసారి రోగి నెత్తినే పడుతుంది తల్లీ.

కోడు చివర వేసే ఏడో అక్షరం దగ్గర కొత్తవాళ్లందరూ తడబడతారు. ‘ఏ’ అంటే మొదటిసారి రావడం కాదు, వైద్యం ఇంకా జరుగుతోందని. ఎమర్జెన్సీలో కట్టు కట్టారు, నాలుగో రోజున సర్జన్ ప్లేటు వేశాడు అనుకో, రెండింటికీ ‘ఏ’నే. పిండికట్టు విప్పడానికో, అతుకు చూపించుకోవడానికో వస్తే ‘డి’. అతుకు ఆలస్యమైతే ‘జి’, అతకనే లేదంటే ‘కె’. ఇవన్నీ క్లోజ్డ్‌కే. ఎస్52లో ఓపెన్ అయి, వైద్యం ఇంకా జరుగుతుంటే గస్టిలో టైపు (ఓపెన్ గాయం ఎంత తీవ్రమో చెప్పే వర్గీకరణ) చూడు: ఒకటి, రెండు అయితే ‘బి’, మూడైతే ‘సి’. కట్టు విప్పే విజిట్‌కి జెడ్‌తో మొదలయ్యే ఆఫ్టర్‌కేర్ (వైద్యం తర్వాతి సంరక్షణ) కోడు మాత్రం వెయ్యకు, గాయాలకు అది పనికిరాదు.

అల్నా విరిగి, రేడియస్ తల కీలు తప్పితే మాంటేజియా, ఎస్52.27. చార్టులో ఆ పేరు లేకుండా రెండూ విడివిడిగా ఉంటే నువ్వు పేరు పెట్టకు, డాక్టర్‌నే అడుగుతూ క్వెరీ పంపు. టార్గెట్ తగ్గుతుందని టీమ్ లీడ్ విసుక్కున్నా సరే, పంపు.

ఆదివారం గుంటూరు రా. బ్రాడీపేట ఇంట్లో నా పాత ఎముకల పటం ఉంది, మోచేతి దగ్గర పెన్సిలుతో కోడ్లు రాసిపెట్టాను. తీసుకెళ్లి డెస్కు ఎదురుగా అంటించుకో.

నీ పెద్దమ్మ