ఎలుకల క్రోమోజోములు లెక్కపెడితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి తెనాలిలో బీఎస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. రసాయనాల వల్ల ఎలుకల్లో పుట్టే కణితులు, వాటి క్రోమోజోముల్లో వచ్చే తేడాలు చదువుతానని పట్టుబట్టింది. బీఈడీ చేయించాలని మా ఆలోచన. ఈ చదువుకు భవిష్యత్తు ఉందా? – ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ అమ్మాయికి పట్టుకున్నది నిన్నమొన్నటి మోజు కాదు. కణాల్లో జన్యువులను మోసే పోగులైన క్రోమోజోముల లెక్క తప్పడమే క్యాన్సర్‌కు మూలం కావచ్చని జర్మన్ శాస్త్రవేత్త థియోడోర్ బొవేరి 1914లోనే రాశాడు. ఆ మరుసటి ఏడాది టోక్యోలో యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించి చూపారు. ఈ రెండు దారులూ కలిసేచోటే మీ అమ్మాయి నిలబడింది.

అక్కడ ఏముందో మీకూ తెలియాలి. డీఎంబీఏ అనే రసాయనం పూస్తే చిట్టెలుక చర్మంలో కణితులు లేస్తాయి. ఆ రసాయనం హెచ్‌రాస్ అనే జన్యువును పాడుచేస్తుంది. ఆ జన్యువు ఉండేది 7వ క్రోమోజోము మీద. కణితి ముదిరేకొద్దీ ఆ క్రోమోజోమే రెండుకు బదులు మూడు కనిపిస్తుంది, అదనంగా చేరేది తరచూ పాడైన జన్యువును మోసే ప్రతే! అంటే ఈ లెక్క తప్పడం గుడ్డిగా జరిగినది కాదన్నమాట. ఇలాంటి ముడి ఒకటి విప్పిన పిల్లను బీఈడీ వైపు తిప్పడం అంత తేలిక కాదు.

అయితే రోజువారీ పని వేరుగా ఉంటుంది. కణ విభజనను కోల్చిసిన్ అనే రసాయనంతో ఆపాలి, కణాలను ఉబ్బించాలి, మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం మూడింటికి ఒకటి పాళ్లలో కలిపి స్థిరపరచాలి, చుక్కలుగా స్లైడు మీద వేయాలి, ఆ తరువాత గంటలకొద్దీ లెక్కపెట్టాలి. ఎలుకకు 42, చిట్టెలుకకు 40. చిట్టెలుకవైతే దాదాపు అన్నీ ఒకే ఆకారం, చారలు తేలేలా రంగు వేస్తే తప్ప ఏది ఏదో చెప్పలేం.

ఇక ఉద్యోగం సంగతి. ఈ అంశం పేరుతో ప్రకటన ఎక్కడా రాదు, చేతికి పని వచ్చి ఉంటే ఉద్యోగం వస్తుంది. కొత్త మందు మనుషుల దాకా వెళ్లేముందు అది క్రోమోజోములను విరుస్తుందో లేదో పరీక్షించి తీరాలి. హైదరాబాద్‌లో ఆ పరీక్షలు చేసే ప్రయోగశాలలు ఉన్నాయి, ఎంఎస్సీ చేసినవారిని తీసుకుంటాయి. రక్త క్యాన్సర్ రోగుల నమూనాలు చదివే డయాగ్నస్టిక్ ల్యాబులు మరో దారి. పరిశోధనే కావాలంటే హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, నవీ ముంబయిలో టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్ ఉన్నాయి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. కానీ పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది, ఆ లెక్క మీరూ వేసుకోండి. ఇప్పటికైతే జన్యుశాస్త్రంలో ఎంఎస్సీకి ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీల్లో సీటు కోసం వాటి వాటి ప్రవేశ పరీక్షలు (సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ-పీజీ) రాయించండి. బీఈడీ ఆ తరువాతైనా చేయవచ్చు, తలుపు మూసుకుపోదు.

ఒక్క సంగతి మాత్రం ఆమెనే అడగండి. ఈ పనిలో జంతువులను చంపాలి. నైతిక సంఘం అనుమతి లేనిదే ఎలుకను ముట్టరు, అయినా చంపడం చంపడమే. నా దగ్గర సలహా తీసుకున్న ఒక అబ్బాయి మొదటి ఎలుక రోజునే వెనక్కి వచ్చేశాడు. ఇప్పుడు రోగుల నమూనాల్లో క్రోమోజోములు చదువుతూ హాయిగా ఉన్నాడు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

దరఖాస్తులకు ముందు చిన్న పరీక్ష. ఉల్లి వేరు కొనల స్లైడు చేయడం ఆమెకు వచ్చే ఉంటుంది. ఉల్లికి 16 క్రోమోజోములు. కాలేజీ ల్యాబులో అడిగి, యాభై కణాల్లో వాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాయమనండి. పదో కణం దగ్గరే విసుగొస్తే ఆ సంగతి ఇప్పుడే తెలుస్తుంది, ఎంఎస్సీ ఫీజు కట్టాక కాదు.