ఐస్‌లాండ్‌లో కారు తీసుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

అత్త ఆశీస్సులు. నువ్వు పంపిన అద్దె కారు స్క్రీన్‌షాట్ చూశాను. అద్దె చవకే, కాదనను. కానీ "ఇన్సూరెన్స్ ఫుల్ కవర్ తీసుకుంటే చాలు కదా అత్తా" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను. ఆ మాట ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుతుంది. కవర్‌లో ఏమేం ఉన్నాయని కాదు, ఏమేం లేవని అడుగు. మెయిల్లోనే అడుగు, జవాబు దాచుకో.

ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ ఎలాగూ అద్దెలోనే ఉంటుంది. సీడీడబ్ల్యూ (కొలిజన్ డ్యామేజ్ వేవర్) అని ఉంటుందే, అది మనం అనుకునే ఇన్సూరెన్స్ కాదు. కారుకి దెబ్బ తగిలితే ఒక మొత్తం వరకే నీ దగ్గర వసూలు చేస్తామన్న ఒప్పుకోలు. ఆ మొత్తాన్నే ఎక్సెస్ అంటారు. రెండు లక్షల క్రోనా (అక్కడి డబ్బు) అని రాసి ఉంటే మన డబ్బుల్లో లక్షకి పైమాటే. చవక కారుకి ఎక్సెస్ ఎక్కువగా ఉండటం మామూలే. కాబట్టి అద్దె, ఎక్సెస్ రెండూ పక్కపక్కన రాసుకుని చూడు.

ఇక ఆ దేశం సంగతి. ముందు గాలి గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు తగిలింది అదే. మీ మామయ్య విక్ అనే ఊరి దగ్గర పెట్రోల్ బంకులో ఆపి, మామూలుగా తలుపు తీశారు. గాలి ఆ తలుపుని చేతిలోంచి లాక్కుని ముందుకి విరిచేసింది. కీళ్లు వంగిపోయాయి, తలుపు మళ్లీ సరిగ్గా పడలేదు. మేం అన్నిటికంటే ఖరీదైన ప్యాకేజీ తీసుకున్నాం కదా అని ధీమాగా కౌంటర్‌కి వెళ్తే, గాలికి తలుపు పోతే కవర్ కాదని చిన్న అక్షరాల్లో చూపించారు. మొత్తం మేమే కట్టాం. అక్కడ చాలా కంపెనీల పద్ధతి ఇదే. కారు ముఖం గాలికి ఎదురుగా పెట్టి ఆపు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో తియ్యి. వెనక సీట్లో పిల్లల్ని వాళ్లంతట వాళ్లు తియ్యనివ్వకు.

రాళ్ల కవర్, అంటే గ్రావెల్ ప్రొటెక్షన్, తప్పకుండా తీసుకో. తారురోడ్డు అయిపోయి కంకర రోడ్డు మొదలయ్యే చోట ఎదురు బండి విసిరే రాయి అద్దానికో హెడ్‌లైటుకో తగులుతుంది. కంకర మీద లిమిట్ 80, ఊళ్ల బయట తారురోడ్డు మీద 90. కంకర మీద 80 కూడా నాకు ఎక్కువే అనిపించింది.

ఇసుక, అగ్నిపర్వతాల బూడిద కవర్ మాత్రం నీ దారిని బట్టి ఆలోచించు. నువ్వు జోకుల్‌సార్లోన్ మంచుసరస్సు దాకా వెళ్తానన్నావు. ఆ దక్షిణ తీరంలో నల్ల ఇసుక మైదానాలు దాటాలి. గాలి గట్టిగా వీస్తే ఆ ఇసుక కారు పెయింటంతా గీకేస్తుంది. రాజధాని రేక్యావిక్ నుంచి గోల్డెన్ సర్కిల్ అనే టూరిస్టు చుట్టు తిరిగి వచ్చేసేవాళ్లకి ఈ ఖర్చు దండగ.

నీళ్ల సంగతి ఒక్క ముక్కలో: వాగులో దింపిన కారుకి మామూలుగా కవర్ పనిచేయదు. రోడ్డు నంబరు ముందు ఎఫ్ అని ఉంటే అది కొండదారి, నీ చిన్న కారుతో అటు పోనేకూడదు, ఫోర్ బై ఫోర్ ఉండాలి.

వీసా కోసం తీసుకున్న ట్రావెల్ పాలసీ 30,000 యూరోల వైద్యం ఖర్చుల కోసం. అందులో కారు కూడా ఉంటుందనుకోకు. బుకింగ్ సైట్లు చవగ్గా అమ్మే ఎక్సెస్ కవర్ ఉంటుంది. అది తీసుకుంటే ముందు నువ్వు కంపెనీకి కట్టి, తర్వాత బిల్లులు పెట్టి వెనక్కి తెచ్చుకోవాలి. ఇండియాలో ఉండేవాళ్లకి వర్తిస్తుందో లేదో చూసుకుని కొను. అది ఉన్నా కౌంటర్‌లో డిపాజిట్ బ్లాక్ చేస్తారు. అందుకని నీ పేరు మీదున్న క్రెడిట్ కార్డు పట్టుకెళ్లు. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకుని, నాలుగంకెల పిన్ గుర్తు పెట్టుకో. మనుషులు లేని పెట్రోల్ బంకుల్లో పిన్ అడుగుతుంది.

ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకో, ఏడాది చెల్లుతుంది. మన లైసెన్సూ వెంట ఉండాలి. అన్నిటికంటే చవక కారంటే మాన్యువల్. అక్కడ స్టీరింగ్ ఎడమ పక్క, గేరు కుడిచేత్తో, నడిపేది రోడ్డుకి కుడి పక్క. మూడూ ఒకేసారి అంటే తికమకే. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఆటోమేటిక్ తీసుకోరా.

కెఫ్లావిక్ ఎయిర్‌పోర్టులో తాళాలు చేతికివ్వగానే బయల్దేరొద్దు. వాన పడుతున్నా సరే, చక్రాలు, ముందు అద్దం, బంపర్ల కింద నెమ్మదిగా వీడియో తియ్యి. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే.

పాలసీ కాగితం రాగానే నాకు ఫోటో పెట్టు, మీ మామయ్యా నేనూ కూర్చుని చదువుతాం. తలుపు పేజీ ఆయనకి ఇప్పటికీ కంఠతా వచ్చు.

అత్త